పాలు మాన్పిన పిల్లలు

భవాని పేట్‌లో మగ్గాల ఇళ్ళు దాటాక, ముళ్ళకంచె వేసుకుని పోచయ్య పందులు మేపుకునేవాడు. ఆ ఏడు వానలకు ముందు అతని తల్లిపంది ఏడు పిల్లల్ని ఈనింది. రెండు నెలలు తిరిగేసరికి పిల్లలకు పళ్ళు పదునెక్కాయి. తల్లికి చన్నులు పుండ్లు పడి, పక్కటెముకలు తేలాయి. ఇంక పాలు మాన్పించక తప్పదని దాన్ని అవతలి దొడ్లోకి తోలి మధ్యలో తడిక కట్టాడు.

మూడు రోజులు పిల్లలు తడికకు ముట్టెలు ఆనించి ఒకటే అరుపు. పోచయ్య పక్కనే గొంతుక్కూర్చుని, జొన్నజావలో తవుడు కలిపి, వేలికి రాసి ఒక్కొక్కదాని నోట్లో పెట్టాడు. పాలు మానిన పిల్లకు ఒక్కసారే నిండా పెడితే కడుపు పోతుందని అతనికి తెలుసు. అందుకని కొంచెం కొంచెంగా రోజుకు అయిదు పూటలు. నాలుగోనాడు అవి తమంతట తామే తొట్టిలో మూతి పెట్టాయి.

అన్ని పూటలకు జొన్నలెక్కడివి? ఇంట్లో మనుషులకే ఒంటిపూట జొన్నగట్క. ఆ సంగతి ఎరిగిన మగ్గాల ఇంటి యశోద, నూలుకు పట్టించగా మిగిలిన గంజి రోజూ పిలిచి ఇచ్చేది. ఆమె భర్త సిద్ధరాములు చద్దర్లు నేసేవాడు. ఆ గంజి తాగి పిల్లలు నున్నగా తేరుకున్నాయి.

తర్వాత ముసురు పట్టుకుంది. వారం రోజులు వదల్లేదు. ఒకనాడు పొద్దున ఒక పిల్ల కక్కుకుంది. మధ్యాహ్నానికి నాలుగు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి.

"తిండి మారింది గద, కడుపు చెడ్డది," అన్నాడు పోచయ్య, తన భార్య ఎంకవ్వతో. "జావ ఆపు. పల్చగ గంజే పోద్దాం, కడుపుకు సలవ."

యశోదను అడిగి ఇంకో కుండ తెచ్చాడు. నీళ్ళు కలిపి, ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పెట్టుకుని, వెదురు గొట్టంతో తాగించాడు. తెల్లారి చూస్తే రెండు చచ్చి పడున్నాయి.

మిగిలిన అయిదింటినీ గంపలో వేసుకుని, గోనెపట్టా కప్పుకుని, వానలోనే పశువుల దవాఖానాకు నడిచాడు. అక్కడి ముసలి డాక్టరు గంపలోకి వంగి, కక్కిందాన్ని చూశాడు.

"కాయ్ ఖాయలా దిలం?" ఏం తినిపించావని మరాఠీలో అడిగాడు.

"గంజి సాబ్. నూలుకు పట్టిచ్చే గంజి. మంచిదే."

"రంగు చూడు, నీలం. మైలుతుత్తం కడుపులోకి పోయింది."

వానాకాలం నూలుకు బూజు పట్టకుండా గంజిలో అది కలుపుతారని డాక్టరే చెప్పాడు.

"నిన్న గూడ తాపిన సాబ్. సలవ అని తాపిన. నా చేతుల్తోనే."

డాక్టరు చేతులు కడుక్కున్నాడు. "దీనికి నా దగ్గర మందు లేదు. పాలు తాపి చూడు. నిలిస్తే నిలుస్తయి."

పోచయ్య వస్తూనే తడిక పీకేసి పిల్లల్ని తల్లి దగ్గర వదిలాడు. అది వాసన చూసింది. పిల్లలు పొట్టకిందికి దూరబోతే బోర్లా పడుకుంది. దాన్ని పక్కకు దొర్లించి చన్ను పిండాడు. చుక్క రాలేదు. పాలు మాన్పి పదిహేను రోజులు. ఎప్పుడో ఇంకిపోయాయి.

"ఇయ్యే, నీకు దండం పెడ్త. ఒక్కసారి ఇయ్యే," అని పందిని బతిమాలాడు.

ఇంతలో కబురు తెలిసి యశోద పరుగున వచ్చింది. చేతిలో గిన్నెడు పాలు.

"నాకు తెల్వదు పోచన్నా! చద్దర్లు బూజు పట్టినయని సేటు వాపస్ జేసిండట. గందుకని మా ఆయన కలిపిండు, నాకు చెప్పలే. నేనే కుండ నింపి ఇచ్చిన."

"నీ తప్పు గాదమ్మా," అన్నాడు పోచయ్య. ఎవరినన్నా తిడితే బరువు దిగేదేమో. తిట్టడానికి ఒక్క చెడ్డమనిషీ దొరకలేదు.

ఇద్దరూ గుడ్డపేలిక పాలలో ముంచి పిల్లల నోళ్ళలో పిండుతూ కూర్చున్నారు. ఒకటి మింగుతుంది, ఒకటి వదిలేస్తుంది. పొద్దుగూకే లోపల మూడు పోయాయి. కంచె అవతల నల్లరేగడిలో గుంట తవ్వుతుంటే తవ్వినంతమేరా నీళ్ళు ఊరాయి. పోచయ్య తోడిపోశాడు, మళ్ళీ తవ్వాడు, మళ్ళీ ఊరాయి. చివరికి ఆ నీళ్ళలోనే పెట్టి మట్టి కప్పాడు.

రెండు నిలిచాయి. ఎంకవ్వ తన గట్కలో సగం వాటికే పోసేది. తింటాయి గాని ఒంటికి పట్టదు. దసరా వచ్చినా ఆ గంపలో పట్టేంతే ఉండిపోయాయి.

వాటికేం పెడుతున్నావని ఎవరైనా అడిగితే, పోచయ్య విననట్టు లోపలికి పోయేవాడు.