కన్నడపోళ్ల చెలక

మాళప్ప గొర్రెలను తోలుకొని లింగసుగూరు వైపు నుంచి నల్లగొండ జిల్లాకు వచ్చింది 1952 ఎండాకాలంలో. వెంట భార్య నింగవ్వ, తమ్ముడు సిద్ధప్ప, నూట నలభై గొర్రెలు. వాళ్ల ఊళ్లో రెండేళ్లుగా వానల్లేవు. మక్తల్ మీదుగా, దేవరకొండ మీదుగా, మేత దొరికిన చోట నాలుగు రోజులు ఆగుతూ కట్టంగూర్ దగ్గరి ఒక ఊరికి చేరేసరికి తొలకరి పడింది. వాన చూసి ముగ్గురూ సంతోషపడ్డారు. ఆ వానతోనే మందలో గొంతువాపు మొదలైంది. ఇరవై రోజుల్లో నూట పది గొర్రెలు చచ్చాయి.

మిగిలిన ముప్పైతో సిద్ధప్ప వెనక్కి బయలుదేరాడు. నింగవ్వకు నెలలు నిండాయి, నడవలేదు. కాన్పయ్యాక వస్తామని మాళప్ప తమ్ముడికి చెప్పి, ఊరికి ఉత్తరాన రాళ్ల మిట్ట మీద తాటాకుల గుడిసె వేశాడు. ఆ మిట్ట సర్కారుది. అక్కడ ఎవరూ ఏమీ వేయరు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

పురుడు పోయడానికి ఊళ్లోంచి భద్రమ్మ అనే ముసలమ్మ వచ్చింది. పొద్దు పొడిచే ముందు ఆడపిల్ల పుట్టింది. తెల్లారాక నింగవ్వ నీరసంగా "హాలు, హాలు" అని అడిగింది.

"ఏందో హాలంటది. ఏం గావాల్నట?" అంది భద్రమ్మ.

మాళప్పకు దారి పొడుగునా నేర్చుకున్న తెలుగు కొంచెం ఉంది. "పాలవ్వా, పాలు."

"పాలా! గా ముక్క ముందే చెప్పొద్దా బిడ్డా?" అని భద్రమ్మ నవ్వింది. పది రోజులు తన ఇంటి నుంచే మేకపాలు పంపింది. పిల్లకు సుక్కమ్మ అని పేరు పెట్టింది కూడా ఆమే.

నింగవ్వ లేచి తిరిగేసరికి దసరా దాటింది. అప్పటికి మాళప్ప గుడిసె చుట్టూ రాళ్లు ఏరి, కుంచెడు జొన్నలు చల్లాడు. పైరు మోకాలెత్తు ఉంది. కోసుకొని పోదామన్నాడు. కోశాక, ఇంకో చెక్క బాగు చేస్తే దారి ఖర్చుకు వస్తుందన్నాడు. అట్లా ఒక ఏడు, రెండేళ్లు గడిచాయి.

భద్రమ్మ కొడుకు కాటమయ్య ఒకనాడు ఆ పక్కగా పోతూ ఆగాడు. "తొండలు గుడ్లు పెట్టని జాగా ఇది. రాళ్లు ఏరుకుంట ఎన్నేండ్లుంటవ్ మాళప్పా?"

"రాళ్లు అయిపోయేదాంక."

"అయిపోవు తమ్మీ. ఆనకాలం రాంగనే కింది నుంచి మల్ల లేస్తయి."

కాటమయ్య అన్నట్టే అయింది. ప్రతి వానకూ కొత్త రాళ్లు తేలేవి. మాళప్ప వాటిని ఏరి చేను చుట్టూ గోడలా పేర్చాడు. ఆ నేలకు జొన్న కంటే ఆముదం మేలని చెప్పి, విత్తనం ఇచ్చి, ఎడం ఎంత వదలాలో చూపించింది కూడా కాటమయ్యే. ఊళ్లో వాళ్లు ఆ మెట్ట చేనును కన్నడపోళ్ల చెలక అనడం మొదలుపెట్టారు.

1957లో సర్కారు భూములు దున్నుకునేవాళ్లకు పట్టాలిస్తున్నారని తెలిసింది. పట్వారీ వచ్చి పేరడిగాడు, కులం అడిగాడు. కురుబ అన్నాడు మాళప్ప. ఆరు నెలల తర్వాత తహసీలు కచ్చేరిలో జవాను "కురుమయ్యా!" అని మూడుసార్లు అరిచాడు. ఎవరూ లేవలేదు.

కాటమయ్య మాళప్పను మోచేత్తో పొడిచాడు. "నిన్నే పిలుస్తున్నట్టున్నరు, లే."

కులమే పేరుగా పడిందని మాళప్ప చెప్పుకున్నాడు. దిద్దాలంటే దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలన్నారు. అతను వేలిముద్ర వేసి, మూడెకరాల కాగితం తీసుకొని ఇంటికొచ్చాడు. కాగితం వచ్చిందంటే ఇక వెనక్కి పోవడం లేదని నింగవ్వకు అర్థమైంది.

ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మాట కన్నడమే. అయిదేళ్లైనా నింగవ్వ ఊళ్లోకి పోయేది తక్కువ. చేత్తో తట్టి ఆమె చేసే పలుచని జొన్నరొట్టెను ఊరి ఆడవాళ్లు మెచ్చుకునేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. సుక్కమ్మ తర్వాత కొడుకు పుట్టాడు, జంగయ్య. పిల్లలిద్దరూ భద్రమ్మ ఇంట్లో, రాళ్ల గోడ మీద పెరిగారు. తల్లితో కన్నడం, తమలో తాము తెలుగు.

1960 ఉగాది దాటాక సిద్ధప్ప వచ్చాడు. లింగసుగూరు వైపు వానలు బాగున్నాయి, మంద పెరిగింది, అన్న వాటా గొర్రెలు అలాగే ఉన్నాయి. "నడువ్ వదినె, ఇంకెన్నేండ్లు ఈడ?" అన్నాడు.

నింగవ్వ మొగుడి వైపు చూసింది. "నడువు."

మాళప్ప అప్పటికి రెండేళ్లుగా బావి తవ్వుతున్నాడు. మూడు నిలువుల కింద బండ తగిలింది. దాని మీద ఆముదపు కట్టె మంట వేసి, కాలిన బండపై నీళ్లు పోసి, చిట్లిన ముక్కలను గడ్డపారతో పెకిలిస్తున్నాడు.

"ఇంకొక్క నిలువు దిగితే నీళ్లు వడ్తయి," అన్నాడు.

"పోయినేడు గూడ ఒక్క నిలువే అన్నవ్."

మాళప్ప గడ్డపార తీసుకొని బావిలోకి దిగాడు. మూడోనాడు నింగవ్వ పిల్లలిద్దరినీ తీసుకొని మరిదితో వెళ్లిపోయింది. మాళప్ప నార్కట్‌పల్లి దాకా వచ్చి బస్సెక్కించాడు.

వాళ్లు పోయిన రెండు నెలలకు బావిలో బండ జారి అతని కుడికాలి మీద పడింది. కాటమయ్య బండి కట్టి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. రెండు వేళ్లు తీసేశారు. తిరిగొచ్చాక భద్రమ్మ పూటకింత జొన్న గటుక వండి పంపేది. కార్తీకంలో అతను మళ్లీ బావిలోకి దిగాడు. ఈసారి కాటమయ్య కూడా దిగాడు.

నింగవ్వ తొమ్మిది నెలలకు వచ్చింది. తూర్పుకు పోయే మందల వాళ్లతో కలిసి, పిల్లలతో, పన్నెండు గొర్రెలతో నడిచి వచ్చింది. మధ్యాహ్నం వేళ మాళప్ప గోడ దగ్గర కుంటుతూ కనిపించాడు.

"కాలుకేమైంది?"

"రాయి వడ్డది."

"ఎప్పుడు?"

"మీరు వోయిన రెండు నెల్లకు."

"కబురెందుకు పంపలే?"

"ఎవరితోని పంపాలె?"

పిల్లలు తండ్రి నడుము పట్టుకొని వేలాడుతున్నారు. "నీళ్లు వడ్డయా?" అని ఆమె అడిగింది.

"వడ్డయి. మోకాలు బంటి."

నింగవ్వ బావి దగ్గరికి పోయి చేదింది. దోసిట పట్టి తాగింది. "జర ఉప్పగున్నయి," అంది.

"గొర్లకు మంచియే."

పిల్లలు తాగాక మిగిలిన నీళ్లు గొర్రెలకు పోసింది.

మర్నాడు భద్రమ్మ వచ్చి, అత్తగారింట్ల, తల్లిగారింట్ల ఎవరన్నా ఏమన్నరా అని మెల్లగా అడిగింది.

"ఎవలేమన్లే అవ్వా. సుక్కి మా అమ్మను, నిన్ను పిలిచినట్టే, అవ్వా అని పిలిచింది. ఆడ అవ్వంటే తల్లి. నేను గాదు, అది నీకు అవ్వ అని మా అమ్మ నన్ను చూపిచ్చె. పిల్ల ఏడ్వబట్టె. అందరు నవ్విర్రు." ఆగి, మళ్లీ అంది. "నేను గూడ నవ్విన. గని గా దినం సంది పొద్దుగాల లేస్తే, చెలకల కలుపు తీసెటోళ్లెవరో అనిపియ్యవట్టె."

ఆమె తెలుగులో అంతసేపు మాట్లాడటం భద్రమ్మ వినడం అదే మొదటిసారి.

శివరాత్రి ముందర జనాభా లెక్కలు రాయడానికి బడిపంతులు ఇస్రాయేలు మిట్ట మీదికి వచ్చాడు. మాళప్ప లేడు. పంతులు గోడ మీద కూర్చొని కాగితాలు తీశాడు.

"ఏ ఊర్ల పుట్టినవమ్మా?"

నింగవ్వ చెప్పింది.

"మైసూరు రాష్ట్రం," అని ఆయన రాసుకున్నాడు.

"నేను పుట్టినప్పుడు మైసూరు గాదు సారు. గదీ ఇదీ ఒక్క నైజామే."

"ఇప్పుడు మైసూరేనమ్మా. గట్లనే రాయాలె. మాతృభాష?"

"కన్నడ."

"పిల్లలకు?"

నింగవ్వ పొయ్యి ముందు నుంచి లేవలేదు. "దాన్నే అడుగుండ్రి," అంది సుక్కమ్మను చూపిస్తూ.

ఎనిమిదేళ్ల సుక్కమ్మ గొర్రె పిల్లను చంకన పెట్టుకొని నిలబడి ఉంది. "నాకు రెండొస్తయి సారు."

"రెండు గూడ రాస్త. ముందు ఏది?"

పిల్ల తల్లి వైపు చూసింది. నింగవ్వ రొట్టె తిరగేస్తోంది. "తెలుగు," అంది సుక్కమ్మ.

పంతులు రాసుకొని లేవబోతే నింగవ్వ కూర్చోమంది. పెనం మీది రొట్టె, దాని మీద ఉల్లికారం పెట్టి ఇచ్చింది. ఆయన తిని, ఇంకొకటి అడిగి పెట్టించుకున్నాడు.

ఆ ఏడు వైశాఖానికి బావి ఎండింది. మాళప్ప, కాటమయ్య మళ్లీ దిగారు. పైన నిలబడి రాళ్ల తట్టలు లాగింది నింగవ్వ.