వానపాముల అలక

మా నాన్న ఏళ్ల తరబడి ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేశాడు. ఇప్పుడు ఆయన నాలుకకు ఉప్పు తెలియడం లేదు, ఇంట్లో కూరల్లో గుప్పెళ్లతో వేసేస్తున్నాడు. ఆ సంగతి ఆయనకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. చెప్పేదెవరు? ఆయనకు మిగిలిన గొప్పల్లా ఆ వంటే. నీ కూర నోట పెట్టలేకపోతున్నాం అంటే మనిషి మంచం పట్టేస్తాడని నా భయం. అందుకే ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతూ మింగేదాన్ని.

మా ఆయనకు అంత ఓపికెక్కడిది? టమాటా మొక్కలకు ఎరువు కోసం నేను బాల్కనీలో వానపాముల పెట్టె పెట్టుకున్నాను. తడిపిన కాగితం ముక్కలు, అరటి తొక్కలు, అంతే వాటి భోజనం. ఈ మహానుభావుడు నాన్న కంటపడకుండా తన కంచంలోది అందులో పారబోయడం మొదలుపెట్టాడు. ఉప్పు తగిలితే వాటి ఒళ్లు మండిపోతుందని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వింటేగా!

ఆదివారం పొద్దున చూద్దును కదా, వానపాములన్నీ మూకుమ్మడిగా పెట్టె దిగి హాల్లోకి వచ్చేశాయి. ఒకటి టీవీ ఎక్కింది. కొన్ని మా ఆయన బూట్లలో దూరాయి. తగిన శాస్తి!

నాన్న వెళ్లి పెట్టె మూత తీశాడు. పైనే నిన్నటి బంగాళాదుంప కూర.

"షికారుకెళ్లాయేమో మామయ్యా," అన్నాడు మా ఆయన.

"మీరు నోర్మూసుకోండి," అన్నాను.

క్యాంటీన్‌లో ఎవరైనా కూర వదిలేస్తే నాన్న స్టూలు లాక్కుని వాళ్ల ఎదురుగా కూర్చుని కారణం అడిగేవాడట. ఇప్పుడూ అలాగే టీవీ ముందు కూర్చున్నాడు.

"ఏం బాబూ, ఎక్కడ తేడా వచ్చింది? కారమా?"

వానపాము ఉలకలేదు, పలకలేదు.

"నూనె ఎక్కువైందా?"

నవ్వాలో ఏడవాలో తెలియక చూస్తున్నాను.

"ఉప్పా?"

అది టీవీ మీంచి జారి దబ్బున ఆయన ఒళ్లో పడింది.

నాన్న దాన్ని అరచేతిలోకి తీసుకుని లేచాడు. తర్వాత ఆ కూరంతా ఎత్తిపోసి, కొత్త కాగితం తడిపి పరిచి, ఒక్కొక్కదాన్నీ ఏరి పడుకోబెట్టాడు. ఉప్పు లేకుండా గుమ్మడికాయ ఉడికించి, చల్లార్చి, ఓ మూల పెట్టాడు. మర్నాడు మూత తీస్తే అన్నీ ఆ ముక్కల చుట్టూనే ఉన్నాయి.

"చూశావా, తింటున్నాయి!" అని మురిసిపోయి, అంతలోనే నా వైపు తిరిగాడు. "నోరులేని జీవాలే చెప్పాయి. మీకేం వచ్చిందే రోగం?"

"నువ్వు బాధపడతావని, నాన్నా."

"ఇప్పుడు పడట్లేదా?"

వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద ఉప్పు వేయకుండా వండిన కూర కలిపి, ఉప్పు డబ్బా నా చేతిలో పెట్టాడు. "ఇక ఇది నీ పని. రుచి చూసి చెప్పు. అబద్ధమాడావో, వెళ్లి వాటినే అడుగుతా."

గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని నాకాను.

"చప్పగా ఉంది నాన్నా," అన్నాను.

"ఎన్నాళ్లకు నిజం చెప్పావే," అని నాన్న భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.