మూసిన ఎడమ కన్ను

ఆ వీధిలో ఆమెను అందరూ చిన్న మాస్టారు అనేవారు. గడియారాల మాస్టారి కూతురు కాబట్టి ఆ పేరు. ఆయన పోయాక దుకాణం కొడుకు పేరు మీదికి వెళ్ళింది, పనిముట్ల పెట్టె కూతురి చేతికి వచ్చింది. కొడుక్కి వాచీ విప్పే ఓపిక లేదు. కూతురికి పదేళ్ళ వయసు నుంచీ అదే లోకం. అన్నయ్య కౌంటరు దగ్గర నిలబడి కొత్త వాచీలు, బెల్టులు, బ్యాటరీలు అమ్మేవాడు. ఆమె అద్దాల కిటికీ పక్కన నాన్న బల్ల ముందు కూర్చుని, ఆగిపోయిన వాచీలకు ప్రాణం పోసేది.

కిటికీ పక్కన కూర్చునేది వెలుతురు కోసం. వాచీ లోపలి చుట్ట స్ప్రింగు వెంట్రుకకన్నా సన్నం. ట్యూబులైటు కింద అది ఉందని తెలుస్తుంది గానీ, ఎక్కడ వంగిందో తెలియదు. కుడి కంటికి నల్లటి భూతద్దం గొట్టాన్ని బిగించి, ఎడమ కన్ను మూసి, చక్రాల మీదికి వంగిందంటే ఇక పక్కన ఇల్లు కూలినా ఆమెకు పట్టేది కాదు.

ఎదురుగా ఫోన్ల కవర్ల దుకాణం ఒకటి వెలిసింది. దాని యజమాని నలభై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మాటతీరు మెత్తన. బేరాలు లేనప్పుడు బయట స్టూలు వేసుకుని ఆమె వైపే చూస్తూ కూర్చునేవాడు. తల ఎత్తకపోయినా ఆమెకు తెలిసేది, మెడ మీద ఏదో పాకుతున్నట్టు. అమ్మతో చెబితే, "మెడ దాకా గుండీలు పెట్టుకో" అంది. పెట్టుకుంది. ఉక్కపోతలో చెమటలు కారుతున్నా తియ్యలేదు.

ఒకరోజు ముగ్గురు కుర్రాళ్ళు వచ్చి అద్దం మీద తట్టారు. వాచీ ఇవ్వడానికేమో అని ఆమె తలెత్తింది. ముగ్గురూ ఒక్కసారే ఎడమ కన్ను మూసి, విరగబడి నవ్వి వెళ్ళిపోయారు. తరవాత ఇంకొకడు. సాయంత్రానికి అలా పదకొండుమంది. తన మొహానికి ఏమైనా అంటుకుందేమోనని అద్దంలో చూసుకుంది కూడా.

పక్కనున్న టైలరమ్మ ఆమెను లోపలికి పిలిచి ఫోను చూపించింది.

పన్నెండు సెకన్ల వీడియో. అద్దం వెనక, వెలుతురులో, ఆమె మొహం. భూతద్దం ఉన్న కంటి మీద ఎర్రటి గుండె బొమ్మ అతికించారు. మూసిన కన్ను, బిగబట్టిన పెదవులు మాత్రం మిగిలాయి. ఆ కన్ను మూయడాన్నే కన్ను కొట్టినట్టు మళ్ళీ మళ్ళీ తిప్పి, వెనక ఒక పాట పెట్టారు. కింద రాసి ఉంది, "గడియారాల పిల్ల టైమిస్తానంటోంది" అని. వేలమంది చూశారు.

ఆ పన్నెండు సెకన్లలో తను ఏం చేస్తోందో ఆమెకు బాగా గుర్తుంది. ఒక రిటైరైన నర్సు వాచీ. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నాడి చూసిన వాచీ. దాని చుట్ట స్ప్రింగు సరిచేస్తూ ఊపిరి బిగబట్టింది. అందుకే పెదవులు అలా ఉన్నాయి.

టైలరమ్మ ఆపుతున్నా వినకుండా రోడ్డు దాటి నేరుగా కవర్ల దుకాణానికి వెళ్ళింది.

"ఆ వీడియో తీసేయండి."

"నేనే తీశానని ఎవరు చెప్పారు?"

"మీ స్టూలు మీద కూర్చుంటే తప్ప నేను ఆ పక్కనుంచి కనపడను."

అతను నొచ్చుకోలేదు. కొంటున్నవాళ్ళను కూడా వినమన్నట్టు కొంచెం గొంతు పెంచాడు. "చూడండి మేడమ్, రోడ్డు మీద అద్దాల్లో కూర్చునేది మీరు. జనాన్ని కళ్ళు మూసుకుని నడవమంటారా? అయినా అందులో చెడ్డగా ఏముంది? వీడియోలో మీరు బాగానే పడ్డారు."

కొనేవాళ్ళు నవ్వారు. ఆమె రోడ్డు దాటి వెనక్కి వచ్చేసింది.

అన్నయ్య సంగతి విని చొక్కా చేతులు మడిచాడు. "వాడి ఎముకలు విరగ్గొడతా" అంటూ ఉరికాడు. పది నిమిషాల తరవాత టీ గ్లాసుతో తిరిగొచ్చాడు. "తీసేస్తానన్నాడు. పిల్లలున్నవాడు, ఎదురెదురు దుకాణాలు, గొడవెందుకు?" అని, గ్లాసు కౌంటరు మీద పెట్టి, "రేపట్నుంచి నువ్వు లోపల కూర్చో" అన్నాడు.

"నేనేం చేశానని?"

"నువ్వు చేశావని కాదే. నలుగురి నోళ్ళలో పడ్డాం కదా."

పోలీసులకు చెబుదామంటే అమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కడ మళ్ళీ ఎంతమంది ఆ బొమ్మ చూస్తారో ఆలోచించుకో తల్లీ."

లోపల అంటే సామాను గది. అట్టపెట్టెల మధ్య ఒక ముక్కాలిపీట, నెత్తిన గుడ్డి ట్యూబులైటు. రెండు వారాలకు తలనొప్పి పట్టుకుంది. నాలుగు వారాలకు కళ్ళు మంటలు. ఆరో వారంలో ఆ నర్సు వాచీ మళ్ళీ వచ్చింది. పట్టకారు అంచు ఎక్కడుందో సరిగ్గా తెలియక ఆమె స్ప్రింగును నలిపేసింది. బయటికి వచ్చి, ఇక ఇది బాగవదని చెప్పింది. నర్సు వాచీని జేబురుమాలులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

"నీ చెయ్యి మునుపటిలా లేదే" అన్నాడు అన్నయ్య.

ఇంకో నెల గడిచాక ఒక ఉదయం అతనే గది గుమ్మంలోకి వచ్చాడు. "ఇక్కడ ఊపిరాడ్డంలేదు కదా, బయటే కూర్చో" అన్నాడు. ఆమెకు కళ్ళు చెమర్చాయి. పనిముట్లన్నీ గబగబా పెట్టెలో సర్దుకుని బయటికి వచ్చింది.

బల్ల మునుపటి చోట లేదు. అద్దానికి ఆనుకునేలా ముందుకు జరిపారు. పైన కొత్త దీపం బిగించారు. ఆ వెలుగు బల్ల మీద పడటం లేదు. కూర్చునేవాళ్ళ మొహం మీద పడుతోంది.

"అన్నయ్యా, ఇది కళ్ళల్లో కొడుతోంది. పనెలా కనపడుతుంది?"

"పని లోపల చేసుకోవచ్చులే. ఇక్కడ కాసేపు ఊరికే కూర్చో." అన్నయ్య ఆమె వైపు చూడకుండా కౌంటరు తుడుస్తూ మాట్లాడాడు. "ఆ గోలంతా జరిగినప్పుడు జనం ఎగబడి వచ్చారే. వచ్చినవాడు బెల్టో బ్యాటరీయో పట్టుకుపోయేవాడు. నువ్వు లోపలికెళ్ళాక ఈగలు తోలుకుంటున్నాను. ఆ మెడ గుండీ అంత బిగించక్కర్లేదు. ఎవడైనా పలకరిస్తే ఒక నవ్వు నవ్వు. సొమ్మేం పోతుంది?"

ఆమె, మూలన కూర్చున్న అమ్మ వైపు తిరిగింది. అమ్మ గోడకున్న గడియారం వైపు చూస్తోంది.

ఆ మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా, ఊరవతల పెద్ద వాచీల రిపేరు కేంద్రానికి వెళ్ళింది. మేనేజరు పరీక్షకని ఒక ఆగిపోయిన వాచీ ఇచ్చాడు. అక్కడి బల్ల మీద చక్కటి వెలుతురు. ఇరవై నిమిషాల్లో వాచీ నడిచింది. మేనేజరు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, "ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగాడు. ఎన్నాళ్ళకో ఒకరు ఆమెను ఆ ప్రశ్న అడిగారు. ఆమె నాన్న గురించి చెప్పబోతుండగా అవతలి బల్లల దగ్గర కిసుకిసలు మొదలయ్యాయి. ఒకడు ఎడమ కన్ను మూసి చూపించాడు. మేనేజరు మొహం మారింది.

"మీరేనా అది?" అన్నాడు మెల్లగా. "మీ పనికి వంకపెట్టలేను. కానీ ఇక్కడ పద్దెనిమిదిమంది మగవాళ్ళు. మీరుంటే వీళ్ళు పని మీద నిలవరు."

"వాళ్ళకు చెప్పండి."

"ఎంతమందికని చెబుతానమ్మా?"

బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా ఆమె నిలబడే వచ్చింది.

మర్నాడు అన్నయ్య రాకముందే దుకాణం తెరిచి, బల్లను ఈడ్చి అటు తిప్పింది. వీపు వీధికి, మొహం గోడకు. కొత్త దీపం తీగ పీకేసింది. అన్నయ్య వచ్చి అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు. ఆమె తిరగలేదు. చివరికి అతనే విసుగెత్తి కౌంటరు దగ్గరికి పోయాడు.

వెలుతురంతా వీపు మీద పడుతోంది. బల్ల మీద ఆమె నీడే. కుర్చీ ఎటు జరిపినా నీడ కూడా జరుగుతోంది. మరమేకును చూసి కాదు, వేలికొసలతో తడిమి పెట్టాలి. రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది. వెనక అద్దం మీద ఎవరో తడుతున్నారు. ఆమె వినపడనట్టే ఉంది.

సాయంత్రం అమ్మ టీ తెచ్చి బల్ల అంచున పెట్టింది. పెట్టి కదల్లేదు.

"ఏమిటమ్మా?"

"ఎదురు దుకాణంవాడు మళ్ళీ వీడియో తీశాడట." అమ్మ గొంతు పీలగా ఉంది. "వెనకనుంచి. టైలరమ్మ చూపించింది."

"నేనేం చేస్తున్నానో కనపడుతోందా అందులో? బల్ల, వాచీ?"

"లేదు. చెమటకి అంటుకుపోయిన చొక్కా కనపడుతోంది."

ఆమె చేతిలో ఉన్న వాచీకి వెనక మూత బిగించింది. పెట్టెలో ఇంకా నాలుగున్నాయి. తరవాతి దానికోసం చెయ్యి చాపి, అందుకోలేక, ఆ చేతిని బల్ల మీదే ఆనించి ఉండిపోయింది. టీ చల్లారిపోయింది. అమ్మ వెళ్ళి అద్దానికి అడ్డంగా, వీధి వైపు వీపు పెట్టి నిలబడింది. ఉన్న కాస్త వెలుతురూ పోయింది.