ఫ్యూజు మీద రాగితీగ

"నీకెందుకే అంత లావుది? హ్యాండ్‌బ్యాగులో పట్టేది తీసుకో" అన్నాడు శేషగిరి పెళ్లాంతో, దుకాణం అద్దాలబల్ల మీద మోచేతులు ఆనించి.

ఢిల్లీ లజపత్‌రాయ్ మార్కెట్లో ఆ దుకాణదారూ అంతే. మల్టీమీటరు ఎవరికని అడగకుండానే సన్నటిదొకటి తీసి శేషగిరి చేతిలో పెట్టాడు. "మేడమ్ కే లియే ఠీక్ హై, సాబ్." మేడమ్‌కి ఇది సరిపోతుందట.

మైథిలికి ఒళ్లు మండింది. ఫరీదాబాద్‌లో యూపీఎస్‌లు చేసే కంపెనీలో తను సర్వీసు ఇంజనీరు. అయినా ఇన్నేళ్లూ వర్క్‌షాపు బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. "మీకు చంటిపిల్ల కదమ్మా" అని మేనేజరు కేశవరావు టూర్లన్నీ మగవాళ్లకే ఇచ్చాడు. రేపు కాన్పూరు వెళ్లడం మొదటిసారి, అదీ మగవాళ్లెవరూ ఖాళీగా లేక. ప్రయాణపు సంచిలో ఇమిడే మీటరు కావాలన్న మాట నిజమే. కానీ ఈ సన్నటిదానికి తీగలు ఊడి రావు, ఒకటి తెగితే మీటరే దండగ. వోల్టులే గానీ, తీగలో పారే కరెంటు కొలవనే కొలవదు. పక్కన ఉన్న అరచేతిలో పట్టే మీటరుకి విడి తీగలున్నాయి, ఫ్యూజుంది, కిందపడినా తట్టుకునే రబ్బరు తొడుగుంది. అదీ చిన్నదే. కానీ పనిముట్టు.

ఈ పొద్దున తను చపాతీలు వత్తుతుంటే అత్తగారు నాగేంద్రమ్మ, పిల్ల వినేట్టుగానే అంది, "తల్లి కనపడకపోతే దానికి జ్వరం తగులుకుంటుంది, చూస్తూండు." కూతురు వర్షిణి వచ్చి మైథిలి కొంగు పట్టుకుంది. శేషగిరి ఆఫీసు పనిమీద నెల్లాళ్లు మద్రాసులో ఉన్నప్పుడు ఆవిడకి ఏ జ్వరమూ గుర్తు రాలేదు. పిల్లని వదిలి వెళ్లాలంటే మైథిలికి గుండె పీకదా? ఆ పీకులాటనే పలుపుతాడు చేసి మెడకి కడితే ఎలా?

"పాతదాని పక్కన పెట్టి చూద్దాం" అంటూ సంచిలోంచి తన పెద్ద మీటరు తీసింది. స్పేరు ఫ్యూజు ఏ సైజో చూడ్డానికి దుకాణదారు దాని వెనక మూత విప్పి, ఆగిపోయాడు. గాజు ఫ్యూజు చుట్టూ రాగితీగ మెలితిప్పి ఉంది.

"యే కిస్‌నే కియా?" ఇదెవరి పని అన్నట్టు ఇద్దర్నీ చూశాడు.

శేషగిరి నవ్వాడు. "ఓ, అదా! మొన్న కూలరు తిరక్కపోతే కరెంటు కొలుద్దామని ప్లగ్గులో గుచ్చానే. టప్‌మంది. నువ్వు గోల చేస్తావని కాస్త తీగ చుట్టా. ఇంట్లో ఫ్యూజు పోతే చుట్టుకోమూ? పనిచేస్తోందిగా!"

అప్పట్నుంచీ ఆ మీటరు పట్టుకునే తను బ్యాటరీల వరసల మీద వంగి పనిచేసింది. చెయ్యి జారి పొరపాటు జరిగితే ముందు కాలిపోయి మనిషిని కాపాడాల్సింది ఆ ఫ్యూజు. రాగితీగ కాలదు, మీటరే మొహం మీద పేలుతుంది. ఆ సంగతి పెళ్లైన కొత్తలో అతనికి ఎంత ఇష్టంగా చెప్పింది! అచ్ఛా, అచ్ఛా అన్నాడు. పెళ్లాం చేసేది పని కాదు, కాలక్షేపం అనుకున్నవాడికే తీగ చుట్టడానికి చెయ్యొస్తుంది. తన మొహం కాలాక కూడా గోల చేస్తున్నావనే అనేవాడేమో!

అరచేతి మీటరు కొంది. పాతదాంట్లో తీగ పీకేసి, కొత్త ఫ్యూజు వేసి, శేషగిరి చేతికిచ్చింది.

"ఇది ఇంట్లో ఉంచండి. మీరు మళ్లీ ప్లగ్గులో గుచ్చుతారు. మీ చెయ్యి కాలకూడదు."

పక్కనే ఎస్టీడీ బూత్. ఆఫీసు నంబరు తిప్పింది.

"సార్, మైథిలిని. కాన్పూరొక్కటే కాదు. ఇకనుంచి అందరితో పాటు నా పేరూ టూర్లలో వెయ్యండి."

"మరి చంటిపిల్ల, అమ్మా?" అన్నాడు కేశవరావు.

మైథిలి బూత్ అద్దం అవతల నిలబడ్డ శేషగిరిని చూసింది. రాగితీగ ఆమె గుప్పిట్లో గుచ్చుకుంటోంది.

"దానికి తండ్రి ఉన్నాడు, సార్."