మొహం లేని ముక్కు

నేను ఒక ముక్కుని. మొహం మాత్రం లేదు. విశాఖపట్నంలో ఒక ఫార్మసీ కాలేజీ ప్రయోగశాలలో, చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ గిన్నెలో, జల్లెడలాంటి పలుచని పొర మీద నా కాపురం. నన్ను కన్నది ఆ కాలేజీ క్యాంటీన్‌లో మిరపకాయలు వేయించే పైడమ్మ. పీహెచ్‌డీ చేస్తున్న సువర్చల అడిగితే కాగితం మీద సంతకం పెట్టి మరీ, డాక్టరు చేత బ్రష్షుతో ముక్కులోంచి కాసిని కణాలు తీయించుకుంది.

ఆ కణాలు పెరిగి పరుచుకుంటే నేను. మూర్ఛ వచ్చిన పిల్లలకు సూది గుచ్చే బదులు ముక్కులో కొట్టే మందు ఒకటి తయారవుతోంది. అది లోపలికి దిగుతుందో లేదో ముందు నేను చెప్పాలి. తుమ్మడం నాకు చేతకాదు కనుక అందరికీ సౌకర్యమే.

నాకంటే ముందు పెంచిన రెండు జట్ల కణాలూ చచ్చిపోయాయి. "ఇదీ పోతే అంశం మార్చుకోమ్మా," అని గైడు కస్తూరి గారు తేల్చేశారు. మూడేళ్ళ పని! సువర్చలకు అన్నం సహించడం మానేసింది.

తను తినకపోయినా నాకు పెట్టడం మాత్రం మానలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. నా భోజనం గులాబీ రంగు నీళ్ళు. అవి గిన్నె అడుగునే ఉండాలి, పైన నాకు గాలి తగలాలి. కస్తూరి గారు వంద సార్లు చెప్పారు. కానీ పొడిగా ఉన్న నన్ను చూస్తే సువర్చల ప్రాణం ఊరుకోదే! రోజూ ఎవరూ చూడకుండా నెత్తిన ఒక్క చుక్క వేసేది. కడుపు నిండిన పిల్ల నోట్లో ఇంకో ముద్ద కుక్కే తల్లులు మనకు కొత్తా? పది రోజులకు నేను ఉబ్బి, నున్నగా, పనికిమాలినదానిలా తయారయ్యాను.

ఆ రోజు నన్ను చూసిపోదామని వచ్చిన పైడమ్మ, తలుపుకున్న గాజు పలకలోంచి ఆ చుక్కను పట్టేసింది.

"అదేటి పాపా, పైనించి పోస్తన్నావు?"

"ఎండిపోతుందేమోనని... ఒక్క చుక్కే పైడమ్మా."

"ముక్కులో నీళ్ళు పోస్తే ఎవులైనా బతుకుతారేటి? నా ముక్కు యాభై ఏళ్ళుగా గాలి మీదే ఉంది. దాని మానాన దాన్నొగ్గీ తల్లీ!"

సువర్చల మొహం కందిపోయింది. నా నెత్తి మీది తడంతా పీల్చి పారేసి, చేతులు వెనక్కి కట్టుకుంది.

ఆహా, గాలి! మూడు వారాల్లో నా ఒళ్ళంతా సన్నటి నూగు మొలిచింది. అంతా ఒకే వైపుకు అలలు అలలుగా ఊగడం మొదలుపెట్టింది. చీమిడి కూడా పట్టింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ముక్కన్నాక అదే అందం.

పరీక్ష రోజు మందు నా మీద పడింది. అరగంటయ్యాక అడుగు నీళ్ళు తీసి యంత్రంలో పెట్టారు. మందు దిగింది. నేను చిరగలేదు. సువర్చల ఒక్క కేక పెట్టి కస్తూరి గారిని పట్టుకుని గిర్రున తిప్పేసింది.

"చాలమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి! అంశం మార్చక్కర్లేదులే. కానీ ఒక్కరి ముక్కు మాట నమ్మి మందు చేయరు. ఇంకో ముగ్గురివి పెంచు."

తర్వాత నాకు రంగు పూసి గాజు పలక మీద అతికించారు. సూక్ష్మదర్శినిలో చూసి పైడమ్మ మురిసిపోయింది.

"ఇంత సోగ్గా ఉంటాదేటి నా ముక్కు! మిగిలిన ముగ్గురూ ఎవులు పాపా?"

సువర్చల కస్తూరి గారి ముక్కు వైపు చూసింది. పైడమ్మ కుర్చీ ఒకటి లాగి, కొంగుతో తుడిచింది.

"మీరు కూకోండి కస్తూరమ్మగారూ. బ్రష్షు తగిలితే చురుక్కుమంటాది, అంతే."

కస్తూరి గారు గుమ్మం వైపు ఒకసారి చూశారు. కళ్ళజోడు తీసి సువర్చల చేతిలో పెట్టి, తల వెనక్కి వాల్చారు.