ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టిన దుప్పటి

కొడుకు కేసు చూస్తున్న అధికారిణి ఇంటికి వస్తోందని ఆమె ఆ రోజు పనికి సెలవు పెట్టింది. ఇస్త్రీ దుకాణంలో పదకొండేళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి బట్టలూ రుద్దుతున్న చేయి కదా, ఊరుకోలేదు. కిటికీ తెరకూ, కొడుకు చొక్కాలకూ ఇస్త్రీ చేసి కనబడేలా వరసగా తగిలించింది. చొక్కాల మడతలు చూసి పిల్లవాడి గుణం ఎవరు లెక్కకడతారు? కానీ కాళ్ళూ చేతులూ ఆడని మనిషికి ఏదో ఒక పని ఉండాలి.

నెల కిందట ఆమె కొడుకూ, అదే వీధిలోని ఇద్దరు కుర్రాళ్ళూ దొంగతనానికని రంగుల దుకాణంలోకి చొరబడ్డారు. కాపలా ముసలాయన అడ్డం వచ్చాడు. ఆయన్ని మెట్ల మీంచి తోసేశారు. మూడో రోజున ఆయన పోయాడు. తోసింది తనేనని కొడుకు ఒప్పుకున్నాడు.

మిగతా ఇద్దరికీ పదిహేనేళ్ళు. వాళ్ళది పిల్లల కోర్టే, అందులో మాటే లేదు. వీడికి పదహారు నిండి నాలుగు నెలలు. అందుకని వీణ్ణి పిల్లవాడిగా విచారించాలా, పెద్దవాడిగా పెద్ద కోర్టుకు పంపాలా అన్నది తేల్చాలి. ఇక్కడైతే మూడేళ్ళు పిల్లల హోములో ఉండి ఇంటికొస్తాడు. అక్కడైతే ఆమె జుట్టు నెరిసేదాకా జైల్లోనే.

ఆ తేల్చడానికి నివేదిక రాసేది ఈ అధికారిణే. ప్రభుత్వం ఇచ్చిన లాయరుగారు కోర్టు వరండాలో నడుస్తూ నడుస్తూనే, "ఆవిడ అడిగినవాటికి నిజం చెప్పమ్మా, అంతే" అని వెళ్ళిపోయాడు. ఏ నిజమో చెప్పలేదు మహానుభావుడు.

అధికారిణి మర్యాదస్తురాలు. కుర్చీ అంచున కూర్చుని ఫైలు తెరిచింది.

"మీ అబ్బాయి ఇంట్లో ఎలా ఉంటాడమ్మా?"

కొడుకును రౌడీ అని రాసేస్తారేమోనన్నది ఒక్కటే ఆమె భయం. గుక్క తిప్పుకోకుండా అందుకుంది.

"బంగారమండీ వాడు. వాళ్ళ నాన్న వదిలేసి పోయినప్పుడు పదేళ్ళు. అప్పట్నించీ ఇంటికి పెద్ద దిక్కు వాడే. వంట చేస్తాడు, చెల్లెల్ని బడికి దింపుతాడు. నా చేయి కాలితే ఆసుపత్రికి తీసుకెళ్ళి డాక్టరుతో వాడే మాట్లాడాడు. వీధిలో అందరూ పెద్దాయనా అని పిలుస్తారండీ!"

అధికారిణి కలం ఆపింది. "మరి భయాలూ అవీ? తోటివాళ్ళు ఏదంటే అది చేసేయడం, అలాంటివి?"

నిరుటి దాకా వాడు పక్క తడిపేవాడు. కూతురు లేవకముందే దుప్పటి పిండి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టేది తను. ఆవిరితో పాటు వాసన లేచేది. ఎవరికీ, చెల్లికి కూడా చెప్పనని వాడి చేతిలో చేయి వేసి ఒట్టు పెట్టింది. లైటు ఆర్పితే ఇప్పటికీ నిద్రపోడు. పిరికివాడా అంటే చాలు, నూతిలో దూకమన్నా దూకుతాడు. ఇవన్నీ పరాయి మనిషి ముందు పెట్టి కొడుకు పరువు ఏ తల్లి తీస్తుంది?

"అబ్బే, అలాంటివేం లేవండీ. ఏది చేస్తే ఏమవుతుందో ముందే ఆలోచించే రకం వాడు."

"కాస్త నిదానంగా ఆలోచించి చెప్పండమ్మా."

నమ్మడం లేదు కాబోలనుకుంది. తన మందుల వేళలు కొడుకు రాసి గోడకు అంటించిన కాగితాన్ని ఊడదీసి మరీ చూపించింది. అధికారిణి దాన్ని చాలాసేపు చూసి, ఏదో రాసుకుని వెళ్ళింది. ఆ పూట ఆమె చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

రెండు వారాలకు పిల్లల కోర్టులో మేజిస్ట్రేటు ఆ నివేదిక చదివింది. ఇంటి బాధ్యత మోస్తున్నాడు. పెద్దల సాయం లేకుండా నిర్ణయాలు తీసుకోగలడు. చేసే పనికి ఫలితం ముందే ఊహించగలడని స్వయంగా తల్లే చెప్పింది. కాబట్టి పెద్దవాడిగా విచారణకు తగినవాడు.

అన్నీ తన మాటలే. ఒక్కటీ కల్పించి రాయలేదు. తన నోటితో తనే కొడుకును అప్పగించిందని అప్పుడు అర్థమైంది ఆమెకు.

"కాదు మేడమ్!" అని లేచింది. "అవన్నీ గొప్పకి చెప్పాను. వాడు పసివాడండీ. మొన్న మొన్నటిదాకా పక్క తడిపేవాడు. రోజూ నేనే దుప్పటి ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టేదాన్ని. లైటు లేకపోతే పడుకోడు. కావాలంటే వాణ్ణే అడగండి!"

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక బెంచీలో కూర్చున్న, చనిపోయిన కాపలా ముసలాయన భార్య మాత్రం నవ్వలేదు. అధికారిణి తల దించుకుంది.

"ఆ రోజే చెప్పాల్సిందమ్మా," అంది మేజిస్ట్రేటు. "ఇప్పుడు కొడుకు కోసం ఏ తల్లయినా ఏదైనా చెబుతుంది. పై కోర్టులో అప్పీలు చేసుకోండి." సంతకం పెట్టింది.

కొడుకును తీసుకెళ్తున్న పోలీసు జాలిపడి తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగాడు. వాడి చెవులు ఎర్రబడి ఉన్నాయి. పెద్ద కోర్టు మాటే ఎత్తలేదు వాడు.

"ఒట్టు పెట్టావు కదమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "చెల్లికి కూడా చెప్పేశావా?" అన్నాడు.

"లేదు నాన్నా. చెల్లికి తెలీదు."

వాడు తల ఊపి పోలీసు వెంట వెళ్ళిపోయాడు.