రెండు ప్రాసెసర్లు, ఒక చీటీ

మా దుర్గ మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకొని నా షాపుకు వచ్చేది. నా కొడుకు కూతురు. ఇరవై మూడేళ్లు. ఇల్లందు మీసేవలో పని చేస్తుంది. నేను మోటారుకు కాయిల్ చుడుతుంటే, ఎదురుగా స్టూలు వేసుకొని తింటూ చుట్లు లెక్కపెట్టేది. ఈ ఎండాకాలం నుంచి డబ్బా నా బల్ల మీద పెట్టి రోడ్డు దాటి జానీ మియా షాపులోకి పోతోంది. తిరిగి వచ్చేసరికి అన్నం చల్లారిపోతుంది. రమ్మని పిలుద్దామంటే నాకు మొదటి నుంచీ మాటలు తక్కువ.

జానీ మియాకూ నాకూ నలభై ఏళ్ల స్నేహం. ఎదురెదురు షాపులు. అతను రేడియోలతో మొదలుపెట్టి, టేపురికార్డర్లకు పోయి, టీవీలకు పోయి, ఇప్పుడు కంప్యూటర్ల దగ్గర ఆగాడు. నేను మోటార్ల దగ్గరే ఉన్నాను. అతని షాపుకు అద్దాల తలుపు వచ్చింది, ఏసీ వచ్చింది. నా షాపులో వార్నిష్ వాసన అట్లాగే ఉంది. దానికి నేనెప్పుడూ కుళ్లుకోలేదు. ఒకనాడు నేనేదో అంటే దుర్గ, "ఉండు తాతా, జానీ తాతను అడిగి చెప్త" అంది. ఆ మాట మాత్రం గొంతులో ముల్లులా దిగింది.

దుర్గ కంప్యూటర్‌లో ఆట ఆడుతుంది. అయిదుగురు ఒక పక్క, అయిదుగురు ఒక పక్క. తుపాకులు పట్టుకొని వెతుక్కుంటూ తిరుగుతారు. హైదరాబాదులో ఒక జట్టుకు మనిషి తక్కువైంది. వాళ్లు దీని ఆట చూసి, ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాతో ఆడు, నచ్చితే తీసుకుంటాం అన్నారు.

"కాల్చుకునే ఆటకు ఉద్యోగమా? ఎవలన్న వింటె నవ్వుతరు" అంది నా భార్య రామక్క.

"నవ్వనియ్ నానమ్మా. గెలిస్తె వాళ్లే అడుగుతరు, మా పిల్లకు నేర్పమని."

చిక్కల్లా దాని కంప్యూటర్ పాతది. మంచి జోరు మీద ఉన్నప్పుడు బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఆ ఆగిన లిప్తలోనే అవతలివాడు కాల్చేస్తాడు. లోపలి మెదడు, అంటే ప్రాసెసర్, మార్చాలని జానీ చెప్పాడు. ఖమ్మం నుంచి రెండు తెప్పించాడు. రెండూ దాని కంప్యూటర్‌లో కూర్చునేవే, ధరలో పెద్ద తేడా లేదు. నల్ల డబ్బాలో ఉన్నదానికి ఎనిమిది కోర్లు. తెల్ల డబ్బాలో ఉన్నదానికి పదహారు. కోరు అంటే లోపల పనిచేసే మనిషి అనుకొమ్మని దుర్గ నాకు చెప్పింది.

ఆ బుధవారం నన్ను కూడా జానీ షాపులోకి లాక్కుపోయింది.

"ఎనిమిదిదే తీసుకో బేటీ" అన్నాడు జానీ. "ఆటకు మంది అక్కెర లేదు. ఉన్నోళ్లు జల్దీ పని చెయ్యాలె. ఈ నల్లదాంట్ల ఉన్నోళ్లు సామాను చేతికిందనే పెట్టుకొని కూసుంటరు."

"నువ్వేమంటవు తాతా?" అని నా వైపు తిరిగింది దుర్గ.

అతను ఎనిమిది అన్నాడు కాబట్టి నేను పదహారు అన్నాను. అంతకు మించి నాకే కారణమూ లేదు.

జానీ నవ్వాడు. "అరే గోపాలూ, మోటార్ల చుట్లు ఎక్కువేస్తె మోటారు జోరుగ తిరుగుతదా? నువ్వు చెప్పు."

తిరగదు. చుట్లు పెరిగితే కరెంటు తగ్గుతుంది, మోటారు నీరసపడుతుంది. ఈ ఊళ్లో ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నా పనితోనే నన్ను కొట్టాడు, అదీ దుర్గ ముందు.

"మోటారు వేరు. ఇది వేరు" అన్నాను.

జానీ రెండూ ఒకదాని తర్వాత ఒకటి బిగించి ఆట పెట్టాడు. సెకనుకు తెర మీద ఎన్ని బొమ్మలు మారుతున్నాయో మూలన ఒక అంకె కనిపిస్తుంది. అంకె పెద్దదైతే ఆట నున్నగా సాగుతుంది. నల్లదానికి నూట అరవై అయిదు వచ్చింది, తెల్లదానికి నూట యాభై.

"చూసినవా?" అన్నాడు జానీ.

"నీ షాపు చల్లగుంది. మా ఇల్లు రేకులది. అక్కడ చూడాలె" అన్నాను.

జానీ నవ్వు ఆపాడు. "అవ్. అది నిజం. ఒక్కోటి ఒక్కో రోజు మీ ఇంట్లనే నడపండి. మధ్యాహ్నం రెండింటికి గోపాలు చెయ్యి పెట్టి చీటీ రాయాలె. ఆ చీటీ మీదనే ఖాయం."

ఆ చీటీ సంగతి చెప్పాలి. నేను చుట్టిన మోటారును రైతు ఒక రోజు తన బావి మీద నడుపుకుంటాడు. ఎండ మంచి ఊపు మీదున్న రెండు గంటలకు నేను పోయి మోటారు మీద చేతి వెనక భాగం ఆనిస్తాను. అరచేయి కాదు, అరచేతికి కాయలు కాసి వేడి తెలియదు. పది లెక్కపెట్టేదాకా ఆన్చగలిగితే మోటారు మంచిది. అప్పుడు చీటీ రాసి ఇస్తాను. గుండాల నుంచి, టేకులపల్లి నుంచి, అడవి లోపలి గూడేల నుంచి వచ్చేవాళ్లు కూడా ఆ చీటీ ఉంటే ఇంకేమీ అడగరు. మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఆ చీటీకి అది సరిపోయింది.

గురువారం పొద్దున దుర్గ తెల్లదాన్ని బిగించి పనికి పోయింది. ఒంటిగంటకు నేను ఇంటికి పోయి, అది చెప్పినట్టే ఆట తెరిచి వదిలాను. దానంతట అదే ఆడుకునే పరీక్ష ఒకటి ఉంది. రేకుల కింద గది పొయ్యిలా ఉంది. మొదట నూట యాభై చూపించింది. అరగంటకు నూటపది. రెండింటికి అరవై దగ్గర కొట్టుకుంటోంది, బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. లోపల వేడిని బయటికి లాగే అల్యూమినియం రెక్కల మీద వెనక చెయ్యి పెట్టాను. మూడు దాకా కూడా లెక్కపెట్టలేకపోయాను. పదహారు మంది ఒకే గదిలో చెమటలు కక్కుతున్నట్టుంది.

సాయంత్రం దుర్గ, "ఎట్లుంది తాతా?" అని అడిగింది.

"రేపు రెండూ కలిపి రాస్త."

శుక్రవారం నల్లది బిగించి పోయింది. నేను ఇంటికి బయలుదేరే ముందు రోడ్డుకు అటు చూశాను. అద్దాల తలుపు వెనక దుర్గా జానీ ఒకే డబ్బాలో తింటున్నారు. ఈసారి డబ్బా కూడా అటే పోయింది. రామక్క పొద్దున లేచి గుత్తి వంకాయ చేసింది. నాకు ఇష్టమని చేసింది. జానీ ఒక వంకాయ తుంచి నోట్లో పెట్టుకొని ఏదో అంటే, దుర్గ తల వెనక్కి వేసి నవ్వింది. నా ఎదుట అది అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో లెక్క తేలలేదు.

ఇంట్లో నల్లది ఒంటిగంటకు నూట అరవై అయిదు చూపించింది. రెండింటికి నూట అరవై రెండు. చెయ్యి పెట్టాను. పది అయింది, పన్నెండు అయింది, చెయ్యి తీయాలనిపించలేదు.

పెన్సిల్ తీసుకొని చీటీ రాశాను. తెల్లది: నూట అరవై రెండు, చెయ్యి ఆగింది. నల్లది: అరవై, చెయ్యి ఆగలేదు.

జానీ ముఖం ఎట్లా మారుతుందో అదొక్కటే కళ్ల ముందు ఉంది.

శనివారం దుర్గ నల్ల డబ్బాను, చీటీని పట్టుకొని అతని షాపుకు పోయింది. నేనూ వెంట పోయాను. చూడాలి కదా. జానీ కళ్లజోడు పైకి తోసుకొని చీటీ చదివాడు. మళ్లీ చదివాడు.

"నెట్‌ల అందరు వేరేగ చెప్తున్నరు బేటీ" అన్నాడు. చీటీని మెల్లగా మడిచాడు. "కానీ, మీ తాత చెయ్యి పెట్టి రాసిండు. ఇంక నా మాటెందుకు? నాదే తప్పు. తెల్లదే ఉంచుకో."

అతని ముఖం మారనే లేదు. నన్ను చూసి, "నీదే గెలుపు గోపాలూ, చాయ్ నాది" అన్నాడు. ఆ చాయ్ తాగాను. చక్కెర ఉందో లేదో తెలియలేదు.

దుర్గ మాత్రం రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "నువ్వే కరెక్ట్ తాతా" అంది. నెలల తరబడి నేను ఆ మాట కోసమే చూశాను. పొద్దుగూకాక తెల్లది బిగించి చల్లపూట కాసేపు ఆడి చూసుకుంది. చల్లపూట అది బాగానే నడుస్తుంది.

ఆదివారం పొద్దున దుర్గ తలస్నానం చేసింది. కంప్యూటర్‌కు పసుపు బొట్టు పెట్టింది. రామక్క కొబ్బరికాయ కొట్టింది. పదకొండుకే ఎండకు రేకులు టపటపమంటున్నాయి. నేను అన్నం ముందు కూర్చొని లేచాను. చెప్పులు వేసుకొని బస్టాండు వెనక జానీ ఇంటికి పోయాను.

జానీ వరండాలో కూర్చొని కూరకు కొత్తిమీర తుంచుతున్నాడు.

"ఏంది, గింత ఎండల పడి వచ్చినవు?"

"నల్ల డబ్బా ఏడుంది?"

"షాపుల. ఎందుకు? తెల్లది గెలిచింది గదా."

"గెలవలే."

అతని చెయ్యి ఆగింది. "మరి చీటీ?"

"తిరగేసి రాసిన."

జానీ పళ్లెం పక్కన పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఎవల మీద కోపం గోపాలూ? నా మీదనా, పిల్ల మీదనా?"

అతను లోపలికి పోయి షాపు తాళాలు తెచ్చాడు. "నడువు. దానికి నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. దుర్గ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని ఉంది. నేను దాని ముందు నిలబడి, "చీటీ అబద్ధం. నల్లదే మంచిది" అన్నాను.

హెడ్‌ఫోన్ తీసింది. నన్ను, జానీ చేతిలోని డబ్బాను చూసింది.

"ఎందుకు తాతా?"

నేను నేల చూశాను.

"ఎప్పుడడిగినా నోట్లెకెళ్లి మాట రాదు. చీటీల అబద్ధం మాత్రం వస్తదా?" హెడ్‌ఫోన్ బల్ల మీద పడేసింది. "ఈ రెండు గంటల కోసం నేను ఎన్ని రోజులు..." మిగతాది మింగి, స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాపింది. నేను అందించబోయాను. జానీ చేతిలోది తీసుకుంది.

రెండింటికి అయిదు నిమిషాలు ఉండగా నల్లది బిగిసింది. "జానీ తాతా, నువ్వు ఇక్కడనే కూసో" అని తలుపు దగ్గరికి వేసింది. నేను బయట అరుగు మీద కూర్చున్నాను. లోపల దుర్గ గొంతు గట్టిగా, తొందరగా వినిపిస్తోంది. "ఎడమ, వెనక, రెండోవాడు నాకు." మధ్యలో జానీ "శభాష్" అన్నాడు. తప్పు నాదని తెలుసు. అయినా, ఆ మాట అనే కుర్చీ నాది.

మూడింటికి విరామం వచ్చింది. తలుపు తెరుచుకుంది. దుర్గ నా ముఖం చూడకుండా, "చెయ్యి పెట్టి చెప్పు. నిజం చెప్పు" అంది.

పోయి వెనక చెయ్యి ఆనించాను. పది దాకా బయటికే లెక్కపెట్టాను. "బాగుంది" అన్నాను.

దుర్గ జానీ వైపు చూసింది. జానీ వంగి తను కూడా చెయ్యి పెట్టి, "అవ్ బేటీ, బాగుంది" అన్నాడు. అప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

వాళ్లు దుర్గను తీసుకున్నారు. సోమవారం ఫోన్ వచ్చింది. మొదట రోడ్డుకు అవతల చెప్పింది. అక్కడి నుంచి ఆ నవ్వు వినపడితే నాకు అర్థమైంది. తర్వాత నా షాపుకు వచ్చి చెప్పి, ఒక మిఠాయి పెట్టి పోయింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు మళ్లీ వస్తోంది. రోజూ కాదు, రెండు మూడు రోజులకు ఒకసారి. స్టూలు మీద కూర్చొని తింటుంది. మొన్న పక్క ఊరి రైతు మోటారు ఒకటి ట్రయల్ పూర్తయితే చీటీ రాసి బల్ల మీద పెట్టాను. దుర్గ చీటీ తీసి చదివింది. "ఎవల బావి తాతా ఇది?" అని అడిగి, రైతు బండి వెనక ఎక్కి వాళ్ల చేను దాకా పోయింది. రైతుతోనే తిరిగి వచ్చేసరికి వెనక చేతికి మోటారు మట్టి అంటుకొని ఉంది.

"పది అయింది" అంది.

చీటీని రైతు చేతికి తనే ఇచ్చింది.